కిలో రొట్టె 3.60

పడుకుందామంటే నిద్ర పట్టట్లేదు. కారణం పై అంతస్తు మామ్మగారు.

సాయంత్రం మెట్ల దగ్గర నా సంచీలో రొట్టె చూసి పాత పాట మొదలెట్టింది. "కాదార్ రోజుల్లో కిలో 3.60 ఫోరింట్లే!" కాదార్ అంటే ఈ హంగేరీని ముప్ఫై రెండేళ్ళు ఏలిన కమ్యూనిస్టు నాయకుడు; ఫోరింటు ఇక్కడి డబ్బు. బుడాపెస్ట్ వచ్చిన కొత్తలో ఆవిడ మాట ముచ్చటగా ఉండేది. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. నాకొచ్చిన ముక్కల్లో "మరి నాజ్ ఇమ్రె?" అనేశాను. (1956 తిరుగుబాటు నాటి ప్రధాని. ఇక్కడా ఇంటిపేరే ముందు, మనలాగే.) ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, మారు మాట్లాడకుండా పైకెళ్ళిపోయింది. "నీకెందుకమ్మా ఇవన్నీ" అని చిన్నది నన్నే కసిరింది.

ఏం, తప్పేమన్నాను? 1956లో సోవియట్ పెత్తనం మీద జనం తిరగబడ్డప్పుడు, నాజ్ ప్రభుత్వంలో మంత్రిగా ఉంటూనే నవంబరు 1 రాత్రి చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు కాదార్. 4వ తేదీకల్లా సోవియట్ ట్యాంకుల అండతో పోటీ ప్రభుత్వం పెట్టాడు. యుగోస్లావ్ ఎంబసీలో తలదాచుకున్న నాజ్‌కి ఏమీ చెయ్యమని కాగితం రాసిచ్చాడు. ఆయన గడప దాటగానే పట్టుకుపోయారు. 1958 జూన్‌లో ఉరి. అంతకుముందు 1949లో హోంమంత్రిగా పాత సహచరుడు రాయ్క్‌ని జైల్లో ప్రశ్నించిన వాళ్ళలోనూ ఈయన ఉన్నాడు. రాయ్క్‌కీ ఉరే. రెండేళ్ళు తిరక్కుండా తనూ జైలుకెళ్ళాడు, అది వేరే సంగతి.

కానీ ఈయన కుర్రతనంలో నేర్చుకున్న పని టైప్‌రైటర్ మెకానిక్కు. నాకు అక్కడొచ్చింది చిక్కు. నేను టైపు లోయర్ పరీక్షకి కట్టినప్పుడు మా ఇన్‌స్టిట్యూట్‌కి ఒక మెకానిక్ గారు వచ్చేవారు. చాప మీద పాత న్యూస్‌పేపరు పరిచి, టూత్‌బ్రష్ కిరసనాయిల్లో ముంచి అక్షరాల కడ్డీలు ఒక్కొక్కటే తోమేవారు. 'ఓ' అక్షరం కడుపులో పేరుకున్న ఇంకుని గుండుసూదితో తీసి, గోటి మీద పెట్టుకుని చూసుకునేవారు. "మెల్లగా కొట్టమ్మా, రిబ్బన్ చిరిగిపోద్ది" అనేవారు. కాదార్ గురించి ఎక్కడ చదివినా నాకా నల్లటి గోరే కనిపిస్తుంది. తిట్టబోయి ఆగిపోతాను. అసలు చిరాకు మామ్మగారి మీద కాదేమో.

ఇంతకీ ఆవిడకి ఎనభై దాటాయి. అంటే 1956లో మా చిన్నదాని వయసు! ఇది అప్పుడు తట్టలేదు. ఆ వీధి కాల్పులు చూసిన పిల్లకి నేనా నాజ్ పేరు గుర్తు చెయ్యడం? 1963లో తిరుగుబాటు ఖైదీలని వదిలిన క్షమాభిక్షలో ఆవిడ ఇంటికి ఎవరైనా తిరిగొచ్చారేమో. లేక ఎవరూ రాలేదో. "మనకి ఎదురు తిరగనివాడు మనవాడే" అన్న కాదార్ కింద ముప్ఫై రెండేళ్ళు బతికినావిడ, నోరు మెదపకపోవడం నా దగ్గర కొత్తగా నేర్చుకోలేదుగా.

అయినా ఆ 3.60 నాకు మింగుడుపడదు. 1989 జూలై 6న కోర్టులో నాజ్ నిర్దోషి అని తీర్పు చెబుతుంటే, కాదార్ పోయాడన్న చీటీ హాల్లో చేతులు మారిందట. ఆ వేళ ఈవిడ ఏం చేస్తూ ఉందో అడగాలని ఉంది. అడగనులే.

రేపు పులిహోర పంపనా అంటే, "మిరపకాయలు తీసేసి పంపు" అని మా ఆయన అటు తిరిగి పడుకున్నారు.