హిట్లర్ కేసులో నలిగిపోయిన నవల, తాపీమేస్త్రి కొడుకు జాన్ ఫాంటే

అమెరికన్ రచయిత జాన్ ఫాంటే గురించి ఎవరు మొదలుపెట్టినా ముందు ఆ హిట్లర్ కథే చెప్తారు, సరే నేనూ అది చెప్పేసి పక్కన పెడతా. 1939లో ఈయన 'ఆస్క్ ద డస్ట్' నవల వేసింది స్టాక్‌పోల్ సన్స్ అనే పబ్లిషర్. అదే ఏడాది వాళ్లు హిట్లర్ రాసిన 'మెయిన్ కాంఫ్'ని హక్కులు లేకుండా అచ్చేస్తే, అమెరికాలో హక్కులున్న హౌటన్ మిఫ్లిన్ వాళ్లు కోర్టుకి లాగారు, పబ్లిసిటీకి పెట్టాల్సిన డబ్బు కాస్తా కేసుకి పోయింది, నవల ఎవరి కంటా పడకుండా మూలన పడింది.

వినడానికి బానే ఉంటుంది గానీ ఫాంటేని చదవాల్సింది ఈ దురదృష్టం కోసం కాదని నా గట్టి నమ్మకం.

ఈయన 1909లో డెన్వర్‌లో పుట్టాడు, పెరిగింది బౌల్డర్‌లో. నాన్న ఇటలీలోని అబ్రూజో నుంచి వచ్చిన తాపీమేస్త్రి, బాగా తాగుతాడు, పేకాట కూడా. కొలరాడోలో మంచు పడిందంటే గోడ లేవదు, పని ఉండదు, కిరాణా కొట్లో అప్పు పెరుగుతూనే ఉంటుంది. 1938లో వచ్చిన మొదటి నవల 'వెయిట్ అంటిల్ స్ప్రింగ్, బండీని' అంతా ఈ ఇంటి కథే. అందులో అమ్మ అప్పు అడగడానికి పక్కనే ఉన్న కొట్టుకి వెళ్లాలంటే ఎంత చచ్చిపోతుందో చదివితే మనకి కొత్తగా అనిపించదు, ఖాతా పుస్తకం చూసిన ఇళ్లల్లో పెరిగినవాళ్లకి అసలు అనిపించదు.

ఇక 'ఆస్క్ ద డస్ట్'లో ఆ ఇంటి పిల్లాడు ఆర్టురో బండీని లాస్ ఏంజిలస్ వచ్చి బంకర్ హిల్‌లో ఓ చవక హోటల్ గదిలో కమలాలు తింటూ తనో మహా రచయితననుకుంటూ బతుకుతుంటాడు. కమిలా అనే మెక్సికన్ వెయిట్రెస్ మీద మనసు పడతాడు, ఆ మనసు పడ్డ పిల్లనే ఆమె వేసుకున్న పాత చెప్పులు చూసి, జాతి పేరు పెట్టి బూతులా తిడతాడు. అక్కడ నాకు పుస్తకం మూసేయాలనిపించింది. కానీ తర్వాత వాడే చెప్పుకుంటాడు, చిన్నప్పుడు కొలరాడోలో తెల్లపిల్లలు తననీ ఇలాగే తిట్టేవాళ్లని, ఆ పాత గాయమే ఇప్పుడు నోట్లోంచి వస్తోందని. తను మింగిన అవమానాన్ని తనకంటే కింద ఉన్నవాళ్ల మీద కక్కడం అంటే ఏంటో ఇంత సిగ్గు లేకుండా, తనని తాను వెనకేసుకురాకుండా రాసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. హీరో మీద జాలి అడగడు ఫాంటే, అదే నాకు నచ్చేది.

తర్వాత ఏళ్ల తరబడి హాలీవుడ్ స్క్రిప్టులే. దర్శకుడు ఆర్సన్ వెల్స్ కోసం కూడా రాశాడు, ఆ సినిమా మధ్యలోనే ఆగిపోయింది. 1952లో 'ఫుల్ ఆఫ్ లైఫ్' నవల, దాని సినిమా 1956లో జూడీ హాలిడేతో వచ్చింది, స్క్రీన్‌ప్లే కూడా ఈయనదే, మాలిబూలో ఇల్లు, గోల్ఫ్, జూదం... సినిమా డబ్బు రచయితని చెడగొట్టిందని అంటారు. నలుగురు పిల్లల్ని పెంచాలి కదండీ, నవలలు అన్నం పెట్టలేదు మరి, నేనైతే తప్పు పట్టను.

ఫాంటేని మళ్లీ వెలుగులోకి తెచ్చింది అమెరికన్ కవి, నవలాకారుడు చార్లెస్ బుకోవ్‌స్కీ. కుర్రాడిగా లాస్ ఏంజిలస్ పబ్లిక్ లైబ్రరీలో 'ఆస్క్ ద డస్ట్' చేతికి దొరికి పిచ్చెక్కిపోయాడట, పెద్ద పేరొచ్చాక తన పబ్లిషర్ బ్లాక్ స్పారోకి చెప్తే, 1980లో బుకోవ్‌స్కీ ముందుమాటతోనే మళ్లీ అచ్చయింది. అప్పటికి ఫాంటేకి షుగర్ వల్ల చూపు పోయింది, కాళ్లు కూడా తీసేశారు. ఆ స్థితిలో భార్య జాయిస్‌కి నోటితో చెప్పి 'డ్రీమ్స్ ఫ్రమ్ బంకర్ హిల్' రాయించాడు, 1982లో వచ్చింది, మరుసటి ఏడాది పోయాడు. ఏడుపుగొట్టు పుస్తకం అనుకునేరు, అదే కుర్ర బండీని, అదే పొగరు, హాలీవుడ్‌లో స్క్రిప్టులు రాయబోయి పడే అవస్థలు, చాలాచోట్ల పగలబడి నవ్వాను.

మొదలుపెట్టేవాళ్లు 'ఆస్క్ ద డస్ట్'తోనే పెట్టండి. 2006లో వచ్చిన సినిమా చూసేసి వదిలేయకండి, అందులో ఎండ చాలా అందంగా తీశారు గానీ బండీని నోటిదురుసు సగం తగ్గించేశారనిపించింది నాకు.