సగటు వేగం 25 ఎందుకు కాదు

గురువారం, రాత్రి 10 గంటలు.

ఈ రోజు సాయంత్రం దాదాపు అంతా ఒక్క లెక్క దగ్గరే గడిచింది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తక్కిన హోంవర్కును అరగంటలో ముగించి, చివరి లెక్క దగ్గర ఆగిపోయింది. ఒక బస్సు కొండపైకి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కి, అదే దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగితే మొత్తం ప్రయాణంలో సగటు వేగం ఎంత అన్నది ప్రశ్న. తనకు 25 వచ్చింది. పుస్తకం చివర 24 అని ఉంది. "జవాబు తప్పు అచ్చు వేసినారు నాన్నా" అని గట్టిగా చెప్పింది.

రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగించాలన్న సూత్రం నాకు గుర్తుంది కనుక 1200ని 50తో భాగించి 24 చూపించాను. తను ఒప్పుకోలేదు. ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది. చదువుకునే రోజుల నుంచీ వాడుతున్న సూత్రమే అయినా, దాని వెనుక ఉన్న కారణాన్ని ఒక పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పవలసి రావడం నాకు ఇదే మొదటిసారి.

నిజానికి తనను ఇబ్బంది పెట్టినది దూరం ఇవ్వకపోవడం. ఇవ్వకపోతే మనమే ఒకటి అనుకుందామని, 20కి, 30కి క.సా.గు. అయిన 60 కిలోమీటర్లు తీసుకున్నాము. ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 2 గంటలు. 120 కిలోమీటర్లకు 5 గంటలు, అంటే 24. దూరం మారితే జవాబు మారదా అని అనుమానపడి, తానే 12 కిలోమీటర్లు అనుకుని మళ్ళీ చేసింది. ఎక్కడానికి 36 నిమిషాలు, దిగడానికి 24 నిమిషాలు, కలిపితే సరిగ్గా గంట. ఆ గంటలో పోయి వచ్చిన దూరం 24 కిలోమీటర్లు. నేను ఎంచుకున్న 60 కన్నా తన 12 ఎంతో మేలైన సంఖ్య. బస్సు 20 వేగంతో 36 నిమిషాలు నడిచి, 30 వేగంతో 24 నిమిషాలే నడిచింది కనుక సగటు 20 వైపుకు ఒరిగిందనీ, రెండు వేగాలతోనూ సమాన కాలం నడిచి ఉంటేనే 25 సరైనదనీ ఆ కాగితం చూపించి చెప్పగలిగాను.

అంతటితో వదలలేదు. "మన కొండకైతే దిగడానికే ఎక్కువ సేపు పడుతుంది కదా?" అంది. అలిపిరి నుంచి తిరుమల కొండకు వాహనాలు 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాయి, 1944 నాటి మొదటి రోడ్డులో దిగుతాయి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం తిరుపతిలో పెరిగే పిల్లలకు కొత్త కాదు. రెండు దారుల పొడవూ ఒకటి కాకపోయినా, లెక్క కోసం చెరి 18 కిలోమీటర్లు అనుకున్నాము. విడివిడి వేగాలు సుమారు 38.6, 27, వాటిని కూడి సగం చేస్తే 32.8. కానీ 36 కిలోమీటర్లను 68 నిమిషాలతో భాగిస్తే 31.8 మాత్రమే వచ్చింది. ఈసారి 27 వైపు ఎందుకు ఒరిగిందో నేను చెప్పవలసిన అవసరం లేకపోయింది.

భోజనం దగ్గర తన ప్రశ్న మరొకటి: 20 వేగంతో ఎక్కిన బస్సుకు మొత్తం మీద సగటు 40 రావాలంటే ఎంత వేగంతో దిగాలి? నేను 60 అనబోయి ఆగాను. కొండ 20 కిలోమీటర్లు అనుకుంటే పోయి రావడానికి 40 కిలోమీటర్లు, సగటు 40 రావాలంటే ఉన్నది ఒక గంట. ఆ గంట ఎక్కడంలోనే అయిపోయింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఇద్దరం కాసేపు అలాగే కూర్చున్నాము. "అయితే దిగడానికి టైమే లేదు నాన్నా!" అని తనే తేల్చింది.

పడుకునే ముందు 25ను కొట్టివేసి 24 రాసి, ఎవరూ అడగకపోయినా దాని కింద పెన్సిలుతో "40 ఎప్పటికీ రాదు" అని చేర్చింది.