కొలత పైకి చదవకూడదు

నిన్న సాయంత్రం నా సొంత జాకెట్టు కుట్లు విప్పి రెండు వైపులా లోపలికి తీసుకున్నాను. పదకొండు నెలల్లో ఇది మూడోసారి. 78.4 కిలోల దగ్గర మొదలుపెట్టి 67.2కు వచ్చాను. ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. మా వీధిలో ఎవరి నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో నా పుస్తకంలో ఉంటుంది. నా నడుము మాత్రం ఎన్నడూ కొలుచుకోలేదు. జాకెట్టు బిగుతైతే లోపల వదిలిన గుడ్డ ఉంది కదా అని కుట్టు విప్పుకునేదాన్ని. లావెక్కుతున్న సంగతి అందరికీ బట్టలు చెబుతాయి, దర్జీకి చెప్పవు.

నాకు మోకాళ్ళు చెప్పాయి. 2019లో మిషనుకు మోటారు పెట్టించాను. అంతవరకు రోజంతా కాలితో తొక్కేదాన్ని. మోటారు వచ్చాక పాదం కొంచెం ఆనిస్తే చాలు. కాలికి పని తగ్గింది, పళ్ళెంలో అన్నం తగ్గలేదు. కిందటేడు మెట్లు దిగలేక ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు మోకాళ్ళ కన్నా ముందు బరువు చూశారు. ఎత్తు 155 సెంటీమీటర్లు, లెక్క కడితే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చిన బరువు, 32.6. మన దేశంలో 23 దాటితే బరువు ఎక్కువని, 25 దాటితే ఊబకాయమని లెక్క. రక్తంలో మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం వచ్చింది, 6.5కు చేరితే మధుమేహమే. థైరాయిడ్ అయి ఉంటుందని చుట్టాలందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఆ పరీక్ష మామూలుగా వచ్చింది. నిజం చెప్పాలంటే నిరాశ పడ్డాను. నెపం వేయడానికి ఎవరూ మిగల్లేదు.

తరువాతి రెండు నెలలు అందరూ చేసేవే చేశాను. పరగడుపున వేడి నీళ్ళలో తేనె, నిమ్మరసం: పెద్ద చెంచా తేనెలో అరవై కేలరీలు ఉంటాయట, కొవ్వు కరిగించే గుణం మాత్రం లేదట. రాత్రి అన్నం మాని చపాతీలు: నూనె రాసి ఐదు. వంద గ్రాముల బియ్యానికి, వంద గ్రాముల గోధుమపిండికి శక్తిలో పెద్ద తేడా లేదని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మా మరిది పొట్టకు చుట్టుకునే బెల్టు తెచ్చి ఇచ్చాడు. చుట్టుకుంటే చెమట కారింది. చెమట అంటే నీళ్ళే, రెండు గ్లాసులు తాగితే బరువు మళ్ళీ అంతే. విప్పి చూస్తే రబ్బరు పొర, పైన గుడ్డ, చివర అంటుకునే పట్టీ. దాని కుట్టు కూడా వంకరే.

అప్పుడు మా ఆడపడుచు తోడికోడలు వచ్చింది. "అక్కా, ఉదయం ఆరింటికి బరువు తగ్గించే మా సెంటరుకు రా, ఉచితంగా పరీక్ష చేస్తారు" అంది. ఆమె అక్కడ కోచ్. వెళ్ళాను.

అద్దె గది, పాతిక ప్లాస్టిక్ కుర్చీలు, గోడ నిండా సన్నబడిన వాళ్ళ ఫొటోలు. కూర్చున్న వాళ్ళలో సగం మంది నా దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్ళే. తెలుగు వాళ్ళు వదినా, అక్కా అని, ఒడియా వాళ్ళు అపా అని పలకరించారు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. నన్ను ముందుకు పిలిచి తూకం మీద నిలబెట్టారు. చేతికి రెండు పిడులున్న పరికరం ఇచ్చి, చేతులు చాపి పట్టుకోమన్నారు. గదిలో మాటలు ఆగిపోయాయి. మా ఆడపడుచు తోడికోడలు గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. "బరువు డెబ్బై ఎనిమిది పాయింట్ నాలుగు! కొవ్వు నలభై ఒకటి పాయింట్ మూడు శాతం! శరీర వయసు అరవై మూడు!" పక్కన ఒక అబ్బాయి నా పేరు బోర్డు మీద రాసి, ఎదురుగా మూడు అంకెలూ వేశాడు. నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. మా అత్తగారి వయసు అరవై ఆరు.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. అది చాలదన్నట్టు, ముందు వరుసలోని పిన్ని లేచింది. అంతకు రెండు నెలల ముందు కూతురి పెళ్ళికి పట్టు జాకెట్టు కుట్టించుకుని, బిగుతైందని నాతో గొడవ పెట్టుకున్న పిన్ని. "చూశారా! తప్పు నా జాకెట్టుది కాదు, దీని కళ్ళది. తనను అద్దంలో చూసుకుని, మిగిలిన వాళ్ళమందరం సన్నగా ఉన్నామనుకుంటోంది" అంది. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. చేతిలో ఆ పిడులు ఇంకా అలాగే ఉన్నాయి, ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ నా పని సంగతి ఒకటి చెప్పాలి. పని నేర్పిన మా గురువుగారు మొదటి రోజే చెప్పిన మాట: టేపు కళ్ళతో చూడు, పుస్తకంలో రాయి, నోటితో చెప్పకు. కొత్తగా పెళ్ళయిన పిల్ల అయినా, ఆరుగురిని కన్న తల్లి అయినా కొలత పైకి చదవకూడదు. సహాయకురాలు రాసుకుంటుంటే కాగితం మీద చూపిస్తాం. ఇరవై రెండేళ్ళలో నేను ఈ మాట తప్పలేదు. ఈ ఊరి ఆడవాళ్ళు నా దగ్గరకు రావడానికి నా కటింగు ఎంత కారణమో ఇదీ అంతే కారణం. వైద్యం పేరు చెప్పి కూర్చున్న వాళ్ళకు ఒక దర్జీకున్న పాటి మర్యాద లేదు. తరువాత అర్థమైంది, అది మర్యాద లేకపోవడం కాదు, వ్యాపారం. పదిమందిలో తల వంచుకున్న మనిషి బేరం ఆడదు. నేను ఆడలేదు. అక్కడికక్కడే 6,400 రూపాయలకు, భోజనం బదులు కలుపుకుని తాగే పొడి డబ్బాలు కొనుక్కుని వచ్చాను.

ఇరవై నాలుగు రోజులు తాగాను. ఉదయం, రాత్రి భోజనం బదులు ఒక్కో గ్లాసు. 3.6 కిలోలు తగ్గాను. బోర్డు మీద నా అంకె మార్చి మళ్ళీ చప్పట్లు కొట్టారు. డబ్బాలు అయిపోయాయి, మామూలు తిండికి వచ్చాను, ఆరు వారాల్లో నాలుగు కిలోలు తిరిగి వచ్చాయి. ఇందులో మహిమా లేదు, మోసమూ లేదు, లెక్కే ఉంది. గ్లాసుకు రెండు వందల చిల్లర కేలరీలు. రెండు పూటల భోజనం మాని ఏది తాగినా తగ్గుతాం. పైగా మొదటి వారం పోయేదాంట్లో నీళ్ళే ఎక్కువ. కండరాలలో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం తనతో పాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుందట. తిండి తగ్గగానే అది కరిగి నీళ్ళు బయటికి పోతాయి. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల లోటు కావాలి, అది వారంలో పూడేది కాదు.

ఆ పరికరం మీద మాత్రం నాకు ఇంకా కోపం తగ్గలేదు. మేము కత్తెర పెట్టే ముందు రెండు సార్లు కొలుస్తాం. రెండు కొలతలు కలవకపోతే టేపును అనుమానిస్తాం. అక్కడ మొదటి రోజు 41.3 చూపింది, మూడో రోజు 38.9. రెండు రోజుల్లో దాదాపు రెండు కిలోల కొవ్వు ఎక్కడికి పోయిందని అడిగితే, "అక్కా, నమ్మకం ఉండాలి" అంది మా ఆడపడుచు తోడికోడలు. డిగ్రీ చదివే మా అమ్మాయి తరువాత విడమరిచి చెప్పింది. అది ఒంట్లోకి చాలా చిన్న విద్యుత్తు పంపుతుంది. నీళ్ళున్న కండలోంచి అది సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ అడ్డును బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. నీళ్ళు ఎప్పుడు తాగాం, ఎంత చెమట పట్టింది, ఎప్పుడు తిన్నాం అనేదాన్ని బట్టి అంకె మారుతుంది. అంటే అది కొలత కాదు, అంచనా. అంచనాకు ఇంత కేకలు వేయడం ఎందుకు?

ఇక తగ్గిన సంగతి. అది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మోకాళ్ళ డాక్టరు దగ్గరకే మళ్ళీ వెళ్ళాను. కుర్రవాడు, ఒడియా అబ్బాయి, తెలుగు బాగానే మాట్లాడతారు. చార్టు ఏమీ ఇవ్వలేదు. "ఇంట్లో ఎంతమంది? నెలకు నూనె ఎన్ని లీటర్లు?" అని రెండే ప్రశ్నలు అడిగారు. నలుగురం, ఆరు లీటర్లు అన్నాను. ఆయన కాగితం మీద భాగించి చూపించారు: మనిషికి రోజుకు దాదాపు 46 గ్రాములు. కూర్చుని పని చేసే ఆడవాళ్ళకు 20 గ్రాముల దగ్గర ఆపాలి. పిండిపదార్థంలోనైనా మాంసకృత్తుల్లోనైనా గ్రాముకు 4 కేలరీలు, నూనెలో 9. మూడు లీటర్లకు దించితే ఒక్కొక్కరికి రోజుకు రెండు వందల కేలరీలు తగ్గాయి. ఎవరూ ఏదీ మానలేదు. చెంచాతో కొలిచి పోయడం మొదలుపెట్టాను, అంతే. కొలిచే పని నాకు కొత్త కాదు కదా.

అన్నం మూడు పూటల నుంచి రెండు పూటలకు వచ్చింది, అదీ గిన్నెతో కొలిచి. మిగిలిన చోటులో పప్పు, కూర. మా పక్కింటి ఒడియా వాళ్ళ దాల్మా నాకు ఈ విషయంలో మేలు చేసింది: కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ, బొప్పాయికాయ అన్నీ వేసి ఉడికించి, చివర చెంచాడు పోపు. ఒక గిన్నె తింటే అన్నం మీదికి మనసు పోదు. పఖాళ మీద మాత్రం అపోహలు విడిచిపెట్టండి. నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం తింటే సన్నబడతారని కొందరు, లావెక్కుతారని కొందరు అంటారు. అన్నం ఎంతో పఖాళ అంతే. లావెక్కించేది దాని పక్కన వచ్చే వేయించిన వడియాలు, బంగాళాదుంప, చేప. చోడి (రాగి) అంబలి సంగతీ ఇంతే. వంద గ్రాముల చోళ్ళలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, ఎముకలకు మంచిదే. శక్తి మాత్రం బియ్యానికి కాస్త తక్కువ, అంతే. లోటా నిండా తాగితే లోటా నిండా కేలరీలు. ఛెనాపొడ, అదే ఒడియా వాళ్ళ పాలవిరుగుడు మిఠాయి, కాల్చినది, నూనె తగలలేదు అని నాకు నేను చెప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి. అందులో పడే పంచదార గురించి ఆ రోజుల్లో ఆలోచించలేదు.

రోజూ నలభై ఐదు నిమిషాలు నడిచాను. మొదట మహేంద్రతనయ నది వంతెన దాకా, తరువాత వంతెన దాటి ఆంధ్రాలోని పాతపట్నం దాకా. రోజూ రాష్ట్రం దాటి వస్తున్నానని మా ఆయన వెక్కిరించేవారు. నడకతోనే తగ్గానని మాత్రం అనను. ఆ నడకకు ఖర్చయ్యేది రెండు వందల కేలరీల పైచిలుకు, తిరిగి వచ్చే దారిలో రెండు సమోసాలు తింటే లెక్క తిరగబడుతుంది. కానీ మోటారు మింగేసిన నా కాలి పని నాకు తిరిగి వచ్చింది. నెలకు కిలో చొప్పున దిగింది. రెండు నెలలు అసలు కదలలేదు, ఒక నెల అరకిలో పెరిగింది కూడా. తూకం కదలని ఆ నెలల్లోనే టేపు ముప్పావు అంగుళం తగ్గింది. పొట్ట దగ్గర 40 అంగుళాలుండేది, ఇప్పుడు 36. మనవాళ్ళలో ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు హద్దు, అంటే ముప్పై ఒకటిన్నర. ఇంకా దూరముంది. చక్కెర 5.6కు వచ్చింది. మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతున్నాను.

పోయిన వారం ఆ పిన్ని వచ్చింది, రెండో కూతురి పెళ్ళి. ఆది జాకెట్టు తేలేదు, కొలత తీసుకోమంది. గదిలో ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఆ డబ్బాలు బాగానే పని చేశాయే" అంది. నేనేమీ అనలేదు. ఛాతీ, చంక, చేయి, నడుము, అన్నీ రెండేసి సార్లు కొలిచాను. పుస్తకంలో కిందటేటి అంకె పక్కనే ఉంది. ఈసారి రెండున్నర అంగుళాలు ఎక్కువ.

"ఎంత వచ్చిందే?" అని అడిగింది, అందరికీ వినిపించేలా.

"రాసుకున్నాను పిన్నీ" అన్నాను. లోపల రెండు అంగుళాల గుడ్డ వదిలి కత్తిరించాను.