మొరం దారికి సైకిల్ కట్టుకోవడం: నా అనుభవం

హైదరాబాద్ చుట్టుపక్కల కొండదారుల్లో టైరు కింద ముఖ్యంగా తగిలేవి మూడు: గ్రానైటు బండ, దాని మీద రాలిన మొరం, ముల్లు. ఎండిన బండ టైరును బాగానే పట్టుకుంటుంది. దాని మీద మొరం ఉంటే మాత్రం జొన్నలు పోసిన గచ్చు మీద నడిచినట్టే. ముల్లు సంగతి చెప్పనక్కర్లేదు, తుమ్మముల్లు తప్పితే పల్లేరుకాయ తగులుతుంది. నేను విడిభాగాలతో కట్టుకున్న సైకిల్లో ప్రతి నిర్ణయం ఈ మూడింటి వల్లే జరిగింది. బరువు తగ్గించడానికి ఎక్కడా ప్రయత్నించలేదు. ఒక మాట ముందే చెప్పాలి. విడిభాగాలు తెచ్చి కట్టుకుంటే డబ్బు మిగలదు, అదే స్థాయి రెడీమేడ్ బండి కన్నా ఎక్కువే అవుతుంది. మిగిలేదల్లా ఎక్కడ ఖర్చు పెట్టాలో మనమే తేల్చుకునే వీలు.

వెనక సస్పెన్షన్ లేని అల్యూమినియం హార్డ్‌టెయిల్ ఫ్రేమ్, 29 అంగుళాల చక్రాలు, ముందు 130 మి.మీ. దాకా లోపలికి దిగే గాలి ఫోర్కు తీసుకున్నాను. ఫ్రేమ్ రాగానే వెర్నియర్‌తో ఏడు కొలతలు తీసి కాగితం మీద రాసుకున్నాను: వెనక ఇరుసు 12×148 (మందం, హబ్బు వెడల్పు మి.మీ.ల్లో), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు కూర్చునే) గొట్టం వెడల్పు 73 మి.మీ., సీటు గొట్టం లోపలి వ్యాసం 31.6, హెడ్ ట్యూబ్ పైన 44, కింద 56, వెనక బ్రేకు మౌంటు 160 డిస్కుకి, టైరుకి చోటు 2.4 అంగుళాలు. ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువునూ ఆ కాగితంతో సరిచూడాలి. చూడకుండా ఒక్కసారి కొన్నాను, అక్కడే దెబ్బ తిన్నాను. సెకండ్ హ్యాండ్‌లో మంచి వెనక చక్రం దొరికింది. ఇంటికి తెచ్చి కొలిస్తే హబ్బు (చక్రం మధ్య భాగం) 148 కాదు, 142. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. చెరో పక్క 3 మి.మీ. వాషర్లు వేస్తే ఇరుసు కూర్చుంటుంది కానీ బ్రేకు డిస్కు కూడా 3 మి.మీ. లోపలికి ఉండిపోతుంది, దానికి మళ్లీ వేరే స్పేసరు, పొడుగు బోల్టులు కావాలి. ఆ తంటా ఎందుకని చక్రం వెనక్కి అమ్మేసి 148 హబ్బున్నదే కొన్నాను. ముందు చక్రానికి ఇరుసు 15×110.

గేర్ల దగ్గర 12 స్పీడు వదిలి షిమానో డియోర్ ఎం5100, 11 స్పీడు తీసుకున్నాను. కారణం ఫ్రీహబ్, అంటే వెనక హబ్బు మీద క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) కూర్చునే భాగం. షిమానో 12 స్పీడు 10-51 పళ్ల క్యాసెట్‌కి మైక్రో స్ప్లైన్ అనే వేరే ఫ్రీహబ్ కావాలి. 11 స్పీడు 11-51 మాత్రం పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. ఊరి బయట క్యాసెట్ పాడైతే అదే హబ్బు మీద పది స్పీడుదో, తొమ్మిది స్పీడుదో ఎక్కించి సింగిల్ గేరు మీదైనా ఇంటికి రావచ్చు. ముందు 30 పళ్ల చక్రం వేశాను. 30, 51 కలిస్తే పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు 1.35 మీటర్లు కదులుతుంది. మొరం ఎక్కుడులో కూర్చున్న చోటు నుంచి లేవకుండా తొక్కాలంటే అంత చిన్న గేరు ఉండాల్సిందే. లేచి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి అది ఉత్తినే తిరుగుతుంది.

బిగింపులో ముందు హెడ్‌సెట్, అంటే ఫోర్కు తిరిగే బేరింగులు, వాటి కప్పులు. కప్పులు నొక్కే ప్రెస్ కొనలేదు. హార్డ్‌వేర్ షాపులో మర తీసిన పొడుగు కడ్డీ, రెండు నట్లు, వెడల్పు వాషర్లు దొరుకుతాయి, వాటితో కప్పులు నిదానంగా లోపలికి లాగవచ్చు. రెండు కప్పులూ ఒకేసారి లాగకూడదు, ఒక్కొక్కటే వేయాలి. కాస్త వంకరగా వెళుతోందనిపిస్తే ఆపి, బయటికి కొట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. అల్యూమినియం ఒకసారి గీసుకుందంటే కప్పు జీవితాంతం కిర్రుమంటూనే ఉంటుంది.

ఫోర్కు గొట్టం కోయడం ఒక్కటే వెనక్కి తీసుకోలేని పని. హెడ్‌సెట్, స్పేసర్లు, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) అన్నీ ఎక్కించి, స్టెమ్ పై అంచు దగ్గర గీత గీసి, తీసి, గీతకు 3 మి.మీ. కిందగా కోయాలి. గొట్టం స్టెమ్ అంచుకు సమంగా ఉంటే పై మూత దాన్ని తాకి ఆగిపోతుంది, బేరింగులు బిగవవు, హ్యాండిల్ టకటకలాడుతుంది. నేను స్టెమ్ పైన 10 మి.మీ. స్పేసరు ఒకటి వేసి దాని అంచు నుంచి లెక్కపెట్టాను. తర్వాత హ్యాండిల్ ఎత్తు పెంచుకోవాలంటే వీలుంటుంది. సన్నపళ్ల హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో లోపలా బయటా అంచులు రుద్ది, స్టార్ నట్‌ని (పై మూత బోల్టు పట్టుకునే నట్టు) 15 మి.మీ. లోతుకి దించాలి.

బాటమ్ బ్రాకెట్ కప్పుల్లో చైను వైపుది ఎడమ మర, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. తెలియక బలంగా మామూలు వైపు తిప్పితే ఫ్రేమ్ మరలే పోతాయి. ముందు వేళ్లతో మూడు చుట్లయినా తిరగాలి, పానా ఆ తర్వాతే. గొట్టం 73 కాబట్టి 2.5 మి.మీ. స్పేసరు ఒకటి చైను వైపు. కప్పులు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు, ఎడమ క్రాంకు బోల్టులు రెండూ మార్చి మార్చి 12 నుంచి 14. ఆ బోల్టులకి ముందు ప్లాస్టిక్ మూత బిగించాలి. దాన్ని వేళ్లతో బిగించినంత బిగిస్తే చాలు, అది బేరింగులో ఆట తీయడానికే. పెడళ్లలో ఎడమదానికి ఎడమ మర అని సైకిల్ షాపు కుర్రాడికి కూడా తెలుసు, అయినా ఏడాదికొక క్రాంకు అలాగే పోతుంటుంది.

ఇక ట్యూబ్‌లెస్, అంటే ట్యూబు లేకుండా టైరులోనే గాలి నింపడం. పల్లేరు నేలలో ట్యూబు వేసుకుని వెళ్లడమంటే పంక్చర్ డబ్బాతో వాహ్యాళికి వెళ్లడమే. రిమ్ లోపలి వెడల్పు 30 మి.మీ., టేపు 35 మి.మీ. వెడల్పుది తీసుకున్నాను. టేపు రిమ్ రెండు గోడల దాకా రావాలి. అంతకన్నా సన్నదైతే పుల్లల (స్పోకుల) రంధ్రాల నుంచి గాలి పోతుంది. రిమ్‌ని స్పిరిట్‌తో తుడిచి, టేపుని గట్టిగా లాగుతూ, వాల్వు రంధ్రానికి ఎదురుగా మొదలుపెట్టి చుట్టాను. చివర 10 సెం.మీ. ఒకదాని మీద ఒకటి పడాలి. వాల్వు రంధ్రాన్ని బ్లేడుతో కోయకుండా కాల్చిన సూదితో పొడిస్తే టేపు చీలదు. తర్వాత వాల్వు లోపలి కోర్ (గాలిని ఆపే భాగం) తీసి, టైరు అంచులకి సబ్బు నీళ్లు రాసి, గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టాలి. కాలి పంపుతో చాలాసార్లు ఎక్కదు. కోర్ మళ్లీ బిగించి, ప్రెస్టా (సన్న సైకిల్) వాల్వుకి పట్టే ఇత్తడి అడాప్టరు తీసుకుని పెట్రోలు బంకుకి వెళ్లడమే సులువు. టప్, టప్ అని రెండు చప్పుళ్లు వినబడితే అంచులు కూర్చున్నట్టు. అప్పుడు గాలి, కోర్ తీసి వాల్వులోంచి సీలెంటు (చిల్లులు మూసే ద్రవం) పోశాను, 29×2.4 టైరుకి 110 మి.లీ. చక్రాన్ని రెండు పక్కలా కాసేపు పడుకోబెట్టి తిప్పాలి. మొదటి రాత్రి గాలి కాస్త తగ్గడం మామూలే.

బ్రేకుల విషయంలో రెండు హెచ్చరికలు. మన దేశంలో ముందు బ్రేకు కుడి చేతికి ఉండటం అలవాటు, బయటి నుంచి వచ్చే సెట్లలో ఎడమకి ఉండొచ్చు. గొట్టం కోసే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే గొట్టం కోసిన ప్రతిసారీ కొత్త ఆలివ్ (గొట్టం చివర నొక్కుకునే లోహపు ఉంగరం), గొట్టంలోకి దూర్చే కొత్త ముల్లు ముక్క కావాలి. రెండోది నూనె. షిమానోకి మినరల్ ఆయిలే పోయాలి. మోటారు సైకిల్ మెకానిక్ దగ్గర డాట్ 4 దొరుకుతుంది, అది పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం మార్చాల్సి వస్తుంది. ముందు 180, వెనక 160 డిస్కులు వేశాను. చవక డిస్కుల మీద ‘రెజిన్ ప్యాడ్ మాత్రమే’ అని చెక్కి ఉంటుంది, వాటికి మెటల్ ప్యాడ్లు వేస్తే డిస్కే అరిగిపోతుంది. రాతి దుమ్ములో రెజిన్ త్వరగా అరుగుతుంది కాబట్టి నేను మెటల్‌కి సరిపడే డిస్కులే తీసుకున్నాను. కొత్త ప్యాడ్లని ఖాళీ రోడ్డు మీద ఇరవై సార్లు, వేగం నుంచి నడక వేగానికి, చక్రం ఆగిపోకుండా తగ్గిస్తే గానీ అవి పట్టుకోవు.

గేరు మారే చోట బాధంతా హ్యాంగర్ (చైనును మార్చే డెరైలర్‌ని ఫ్రేముకి తగిలించే ముక్క) దగ్గరే. రవాణాలో 2 మి.మీ. వంగినా కేబుల్ ఎంత సర్దినా కుదరదు. గేజుతో వంపు తీయించాకే స్క్రూలు ముట్టుకోవాలి. 51 పళ్ల చక్రం మీద ఉంచి పెడల్ వెనక్కి తిప్పినప్పుడు డెరైలర్ పై పుల్లీ పళ్లకి తగిలి గరగరమంటే బి-టెన్షన్ స్క్రూ బిగించాలి. సందు మరీ ఎక్కువైతే గేర్లు బద్ధకంగా మారతాయి.

దారి మీదకి వెళ్లే ముందు గాలి, శాగ్ (మన బరువుకి ఫోర్కు దిగే మేర) చూసుకోవాలి. హెల్మెట్, నీళ్ల సంచితో సహా బండెక్కి నిలబడితే ఫోర్కు 20 శాతం దిగేలా, అంటే 26 మి.మీ., గాలి పెట్టాను. నా 72 కిలోలకి టైర్లలో ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ. వెనక అంతకన్నా తగ్గిస్తే బండ అంచుకి రిమ్ తగిలిన చప్పుడు వినబడింది. పెంచితే మొరం మీద వెనక చక్రం పక్కకి జారింది. దిగుడులో సీటు దించుకునే డ్రాపర్ పోస్టు ఉంటే ఛాతీని హ్యాండిల్ మీదకి తేగలం, ముందు టైరుకి పట్టు వస్తుంది. భయపడి వెనక్కి వాలితే ముందు చక్రమే ముందు జారుతుంది. మొరం పరిచిన బండ మీద ముందు బ్రేకు వేయాల్సింది మలుపుకి ముందే, మలుపులో కాదు.

వికారాబాద్ వైపు అనంతగిరికి వెళితే నేల ఎరుపు, అక్కడి పొలాల్లో నల్లరేగడి కూడా తగులుతుంది. వానాకాలంలో రేగడిలోకి దిగితే టైరుకీ ఫ్రేముకీ మధ్య ముద్ద పేరుకుని చక్రం తిరగదు, అప్పుడు భుజాన మోయడమే. అడవి దారుల్లోకి బండి దించే ముందు అటవీశాఖ వాళ్లని అడగడం మంచిది.

మొదటి రెండు రైడ్ల తర్వాత స్టెమ్, క్రాంకు, డిస్కు బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచితో చూశాను. పుల్లలు కూడా ఒకసారి సడలుతాయి, వేలితో మీటితే ఒకే వైపువి ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగాలి. చైనుకి మందపాటి నూనె రాయలేదు, ఎర్ర దుమ్ముతో కలిసి అది సానరాయి పిండి అవుతుంది. మైనం లూబ్రికెంటే రాసి, ఆరిన తర్వాత తుడుస్తున్నాను. ఎండాకాలంలో సీలెంటు రెండు నెలల్లోపే గట్టిపడుతుంది, కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా నెలన్నరకోసారి వాల్వులోంచి 60 మి.లీ. పోస్తున్నాను.