పౌర్ణమికి రీషూట్: రెండు నిమిషాల ఓపెనింగ్ కోసం మా తంటాలు

డిసెంబర్, మొదటి వారం

ఓపెనింగ్ అంటే రెండు నిమిషాలే కదా, ఒక్క ఆదివారంలో లాగించేద్దాం అనుకున్నాం. మేం ముగ్గురు డిగ్రీ కుర్రాళ్ళం, ఒక ఫోను, ఒక ట్రైపాడ్, నటించడానికి మా పిన్ని. పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్. సఖినేటిపల్లి వైపు ఊళ్ళో లేసు అల్లుకునే ఒకావిడ, అల్లిన సరుకు సంచిలో పెట్టుకుని, పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే ఇంజన్ పడవ) ఎక్కి గోదావరి వసిష్ఠ పాయ దాటి నరసాపురంలో ఏజెంటు దగ్గరికి వెళ్తుంది. అక్కడేం జరుగుతుందనేది మిగతా పది నిమిషాల కథ. ప్రస్తుతానికి ఆవిడని ఒడ్డు దాటించడమే మా పని.

నేను రాసిన మొదటి స్క్రిప్టు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ధవళేశ్వరం దగ్గర మొదలైంది. కాటన్ దొర ఆనకట్ట, 1852, అక్కడి నుంచి గోదావరి పాయలుగా విడిపోవడం, గౌతమి, వైనతేయ, వసిష్ఠ, 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలు మన ఆడవాళ్ళకి లేసు నేర్పడం, 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్ (ఊరి పేరుతో సరుకుకి ఇచ్చే గుర్తింపు) రావడం. ఇదంతా నా గొంతుతో నలభై సెకన్ల వాయిస్ ఓవర్. రూమ్మేట్ చదివి, "ఇది ఓపెనింగా, గ్రూప్స్ మెటీరియలా?" అన్నాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు కానీ మూడో రోజు మొత్తం కొట్టేశాను. ఊరి చరిత్ర మనకి ముఖ్యమే. చూసేవాడికి మాత్రం ముందు ఒక మనిషి కావాలి.

కొట్టేశాక మిగిలింది ఇది: చీకటి తెర మీద పంటు ఇంజన్ చప్పుడు, ఆ తర్వాత పిన్ని వేళ్ళు, లేసు సూది, దారం. ఆ వేళ్ళు పంటు మీద ఉన్నాయని కొంచెం ఆలస్యంగా తెలియాలి.

డిసెంబర్, రెండో వారం

స్టోరీబోర్డ్ గీయడం నాకు చేతకాదు. మనిషి గీస్తే కొబ్బరిచెట్టులా వస్తుంది. అందుకని రేవుకి వెళ్ళి, పిన్ని నిలబడాల్సిన చోట రూమ్మేట్‌ని నిలబెట్టి 31 ఫోటోలు తీశాను. వాటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్‌లో వరసగా పేర్చి, ఒక్కోదానికి ఎన్ని సెకన్లు కావాలో అంత సాగదీసి, కింద ఫోన్‌లో రికార్డు చేసిన ఇంజన్ చప్పుడు పెట్టాను. మొత్తం 3 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. కూర్చుని చూస్తే రెండో నిమిషానికి నాకే ఆవలింత. ఒక్క షాట్ కూడా తీయకుండానే తొమ్మిది షాట్లు తగ్గిపోయాయి. మొదటిసారి తీసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ముందు ఫోటోలతో ఎడిట్ చేసి చూసుకోండి. పెట్రోల్ ఖర్చు మిగులుతుంది.

రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ మాకు చాలు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) మొదట్లోనే పెట్టుకోవాలి. ప్రాజెక్టులోకి క్లిప్పులు తెచ్చాక ఇక మార్చనివ్వదు. నేను 24 పెట్టి, ఫోన్‌లో 30 తీసి, ప్రాజెక్టు మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నాను. ఇప్పుడు ఫోన్లో, టైమ్‌లైన్లో, రెండిట్లోనూ 25. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుతురు పడే సమయం) 1/50 సెకను పెడితే ట్యూబ్‌లైటు కింద కూడా తెర మీద చారలు రావు. పిన్ని వంటింట్లో తీసిన టెస్టులో 1/60 పెట్టాం, గోడంతా నల్లటి పట్టీలు పాకాయి.

ఫోన్‌తో వచ్చిన మామూలు కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, కాసేపు ఎక్కువ, కాసేపు తక్కువ. విడిగా రికార్డు చేసిన సౌండ్ దానికి కలిపితే క్లిప్పు చివరికొచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన ఉండదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే, అందులో ఫ్రేమ్ రేటు, షట్టర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా రంగులు సరిచేసేది) అన్నీ లాక్ చేసుకోవచ్చు. పాత యాప్‌తో ముందే తీసేసిన క్లిప్పుల్ని వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన 25కి మార్చుకున్నాం.

అమావాస్య ఆదివారం

బయల్దేరుతుంటే అమ్మ సణిగింది. "అమావాస్య పూట కొత్త పని మొదలెడతార్రా ఎవరైనా?" అని. పిన్నికి ఆదివారమే ఖాళీ, మాకూ అంతే.

ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తీశాం. మంచు బాగా పట్టింది. అవతలి ఒడ్డు కనబడలేదు. మాకు అదే కావాలి. ఫోన్ లెన్సులో వెలుతురు వచ్చే ద్వారం చిన్నదీ పెద్దదీ చేయడానికి ఉండదు కాబట్టి ఎండలో 1/50 పెడితే తెల్లగా తెల్లారిపోతుంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాలి. ఆ రోజు మంచే మాకు ఫిల్టర్. వైట్ బ్యాలెన్స్ 5600 దగ్గర లాక్ చేశాం. ఆటోలో వదిలేస్తే పంటు కొంచెం తిరగ్గానే నీళ్ళు నీలం నుంచి పసుపుకి మారిపోతున్నాయి.

పిన్నికి నటన చెప్పలేదు. "నువ్వు అల్లుకుంటూ కూచో పిన్నీ" అన్నాను, అంతే. ఎడమచేతి చూపుడువేలికి దారం ఒక చుట్టు, చిటికెనవేలు పట్టు. కుడిచేతిలో సూది. కొక్కెం దారాన్ని అందుకుని, ఉన్న కన్నంలోంచి లాగి, ఇంకో కన్నం చేసి వదులుతుంది. ఆవిడ చూపు మాత్రం నీళ్ళ మీద ఉంటుంది. చేతుల వంక ఒక్కసారి కూడా చూసుకోదు. ఆ షాట్ నలభై సెకన్లు తీశాను. కెమెరా ఆపాలనిపించలేదు.

మంచి పేరొచ్చే ఐడియా ఒకటి ఆ రోజే పుట్టింది. పంటు తలుపు దించే ఇనప గొలుసుల నుంచి సూటిగా లేసు గొలుసు కుట్టుకి కట్. గొలుసుకి గొలుసు. మూడు రోజులు దాన్ని తల్చుకుని మురిసిపోయాను. ఎడిట్‌లో పెట్టి చూస్తే "చూడండి నేనెంత తెలివైనవాణ్ణో" అన్నట్టుంది. తీసేశాను.

తర్వాతి ఆదివారం

రేవులో తీయాల్సిన ఐదు షాట్లు మిగిలితే మళ్ళీ అదే టైముకి వెళ్ళాం. మంచు లేదు. పంటు పడమరకి వెళ్తుంది, పొద్దున సూర్యుడు వీపు వెనక, పిన్ని ముఖం నల్లగా మసి. స్టేషనరీ షాపులో కొన్న థర్మాకోల్ షీటు ముఖానికి ఎదురుగా పట్టుకుంటే కాస్త వెలుతురు తిరిగొచ్చింది. గాలికి ఆ షీటు పట్టుకోలేక మావాడు గోదాట్లో పడినంత పని చేశాడు.

ఇంటికొచ్చి క్లిప్పులు అతికిస్తే మూడు బండలు ఒకేసారి నెత్తిన పడ్డాయి.

ఒకటి, దిక్కు. మొదటి ఆదివారం కెమెరా పంటులో దక్షిణం వైపు కూర్చుని ఉత్తరానికి చూసింది, పిన్ని తెర మీద కుడి నుంచి ఎడమకి వెళ్తోంది. రెండోసారి జనం ఎక్కువై అవతలి పక్క కూర్చున్నాం. రెండూ పక్కపక్కన పెడితే నరసాపురం వెళ్ళాల్సిన మనిషి ఏదో మర్చిపోయి వెనక్కి తిరిగినట్టుంది. కెమెరా ఎప్పుడూ ఒకే పక్కన ఉండాలనే 180 డిగ్రీల రూల్ పుస్తకంలో చదివాం, పరీక్షలో రాశాం కూడా. దీనికి విరుగుడు సులువే, మధ్యలో పంటు ముందు నుంచి సూటిగా నీళ్ళు కనబడే షాట్ ఒకటి వేస్తే కళ్ళు సర్దుకుంటాయి.

రెండోది నీళ్ళు. రేవులో పడవలు కట్టే కొయ్య ఒకటుంది, దానికి ఎవరో ఎర్ర రంగు పూశారు. మొదటి వారం నీళ్ళు ఆ రంగు దాకా ఉన్నాయి. రెండో వారం, అదే టైముకి, కొయ్య మొదట్లో బురద, బురదలో పీతలు. ఆవిడ సంచి ఎత్తుకునే షాట్‌లో నిండు గోదారి, అడుగు వేసే షాట్‌లో బురద.

మూడోది పిన్నే కనిపెట్టింది. లాప్‌టాప్‌లో చూపిస్తుంటే, "ఏరా, ఇందులో ఆరు పువ్వులున్నాయి, తర్వాత దాంట్లో నాలుగే ఉన్నాయేంట్రా? లేసు వెనక్కి నడుస్తుందా?" అంది. నిజమే. కెమెరా ఆగినా పిన్ని చేతులు ఆగలేదు. టేకుకీ టేకుకీ మధ్య అల్లుకుంటూనే ఉంది. మేం షాట్లు ముందువెనకలు చేసేసరికి లేసు పెరిగి, తరిగి, మళ్ళీ పెరుగుతోంది. నూరుసార్లు చూసిన మాకు కనబడలేదు, లేసు అల్లే మనిషికి ఒక్కసారికే కనబడింది.

నీళ్ళ సంగతి పంటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన్ని అడిగాం. "మీరు మొదట వచ్చిందెప్పుడు బాబూ?" అన్నాడు. అమావాస్య అని టక్కున చెప్పాను, అమ్మ సణుగుడు గుర్తుంది కదా. "ఆయ్, అయితే పౌర్ణమికి రండి. అదే టైముకి నీళ్ళు మళ్ళీ అక్కడికే వస్తాయండి."

ఇంటికెళ్ళి లెక్క వేసుకున్నాను. సముద్రపు పోటు (నీళ్ళు ఎక్కడం) రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకి దాదాపు ఆరు గంటలు జరుగుతుంది, అంటే పోటు ఉండాల్సిన టైముకి పాటు, నీళ్ళు దిగిపోయి ఉంటాయి. అందుకే వారం తర్వాత వెళ్తే అంతా తలకిందులు. రెండు వారాలకి చక్రం తిరిగొస్తుంది. సముద్రానికి ఇంత దగ్గర్లో రేవులో తీసేవాళ్ళు కాల్‌షీట్లు క్యాలెండర్ చూసి కాదు, పంచాంగం చూసి వేసుకోవాలి. మా షెడ్యూల్ షీటులో ఇప్పుడు తిథికి ఒక కాలమ్ ఉంది.

పౌర్ణమి

కొయ్య మీద ఎర్ర రంగుకి బెత్తెడు కింద నీళ్ళు. ఫ్రేమ్‌లో తెలియదు. మంచు కూడా మళ్ళీ పట్టింది, అది మా అదృష్టం, పెద్దాయన చెప్పలేదు.

లేసుకి మాత్రం ఒకటే దారి. షాట్ నంబర్ 4లో నాలుగు పువ్వులు ఉండాలి, పిన్ని చేతిలో తొమ్మిదున్నాయి. ఎలా అడగాలా అని నేను నసుగుతుంటే ఆవిడే సూది పక్కన పెట్టి దారం కొస పట్టుకుని లాగింది. సర్రున ఐదు పువ్వులు పోయాయి. ఒక్కో పువ్వుకి అరగంట పైన పడుతుంది. "ఎందుకురా ఆ మొహం? మళ్ళీ అల్లుకుంటాను" అంది. ఆ తర్వాత నుంచి ప్రతి టేకుకీ ముందు లేసు ఫోటో తీసి, పువ్వులు లెక్కపెట్టి షాట్ నంబర్ పక్కన రాసుకున్నాం.

జనవరి, ఎడిటింగ్

లాప్‌టాప్ 8 జీబీ. ఫుల్ క్లిప్పులు పెడితే ఫ్యాన్ పంటు ఇంజన్‌కి పోటీ. ప్రాక్సీలు (తేలికైన నకలు క్లిప్పులు) చేసుకున్నాక కదిలింది.

బొమ్మకంటే ముందు సౌండ్ పేర్చాను. పంటులో ఇంజన్ చప్పుడుకి ఇంకేదీ వినబడదు, కాబట్టి ఇంజన్ ఒక ట్రాక్, తలుపు గొలుసులు ఒక ట్రాక్, రేవులో జనం ఒక ట్రాక్, అన్నీ విడివిడిగా రికార్డు చేసుకొచ్చాం. గాలి మోత తగ్గడానికి మైకుకి స్పాంజి ముక్క, దాని మీద పాత నూలు గుడ్డ. ఏమీ జరగని రేవు నిశ్శబ్దం కూడా ఒక నిమిషం రికార్డు చేశాం, కట్ పడ్డ చోటల్లా వినబడే గొయ్యి పూడ్చడానికి అదే పనికొచ్చింది. లేసు సూదికి నిజానికి చప్పుడే ఉండదు. పిన్ని పడగ్గదిలో ఫ్యాను ఆపి, మైకు వేళ్ళకి జానెడు దూరంలో పెడితే దారం వేలి మీద జారే చిన్న రాపిడి దొరికింది. మా ఫిల్మ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన సౌండ్ అది.

ఇప్పటి వరస: చీకట్లో ఇంజన్ ఏడు సెకన్లు. వేళ్ళు పదకొండు సెకన్లు, ఇంజన్ మెల్లగా తగ్గి దారం రాపిడి. తర్వాత ముఖం. ఆ తర్వాతే పంటు, నది. గొలుసుల చప్పుడు ఒడ్డు కనబడటానికి మూడు సెకన్ల ముందే వస్తుంది, దాన్ని జే కట్ అంటారు. చప్పుడు వినగానే పిన్ని సూది ఆపి దారం ఉండని సంచిలో వేస్తుంది. ఆ చిన్న పనిని మేం చెప్పలేదు, రోజూ పంటెక్కే మనిషి కాబట్టి చేసింది.

పక్కింటి ముగ్గురికి ఏమీ చెప్పకుండా చూపించి, "ఎవరావిడ, ఎక్కడికెళ్తోంది?" అని మాత్రం అడిగాను. ఇద్దరు మల్లెపూలు అమ్ముకునే ఆవిడ అన్నారు. తెల్లటి మూట, పొద్దున్నే పంటు, వాళ్ళ తప్పు లేదు. పాత కట్‌లో వేళ్ళ షాట్ నాలుగు సెకన్లే ఉండేది. పదకొండు చేసింది ఆ రోజే. మళ్ళీ ఇంకో ఇద్దరికి చూపిస్తే లేసు అన్నారు, ఒకావిడైతే "ఏజెంటు ఎంతిస్తాడో పాపం" అంది. పన్నెండు నిమిషాల కథ అదే.

ప్రస్తుతం నిడివి 1 నిమిషం 54 సెకన్లు, పదకొండు షాట్లు. ఫెయిర్‌లైట్ అనే రిజాల్వ్ సౌండ్ పేజీలో లౌడ్‌నెస్ −14 దగ్గర పెట్టాను, యూట్యూబ్ ఎలాగూ అక్కడికే దించుతుంది. 1080, హెచ్.264. మంచు షాట్లకీ ఎండ షాట్లకీ, వెలుగు ఎంతుందో గీతల్లో చూపే వేవ్‌ఫామ్ చూసి వెలుగు కలిపాను. ఎండ రోజు తీసిన ఒక షాట్ ఇంకా కొంచెం పచ్చగా కొడుతోంది. టైటిల్ కార్డు రాయలేదు, పేరు మీద ముగ్గురికీ గొడవ.

పచ్చగా కొట్టే ఆ షాట్ మళ్ళీ తీద్దామా అని రూమ్మేట్ అడిగాడు. కుదరదు. ఆ లేసు ముక్క బుధవారమే పంటెక్కి ఏజెంటు దగ్గరికి వెళ్ళిపోయింది.