కోకో రైతుకు దక్కే ధర గురించి

ఏలూరు జిల్లాలోని మా కొబ్బరి తోటలో చాక్లెట్‌కు ముడిసరుకైన కోకో అంతర పంట. కాయలు కోసి, పగలగొట్టి, తెల్లని గుజ్జుతో సహా గింజలను ఐదారు రోజులు పులియబెట్టి, ఆపైన ఎండబెట్టే పనిని చిన్నప్పటి నుంచి చూస్తున్నందువల్ల కాబోలు, పర్యావరణానికి హాని చేయని చాక్లెట్‌నే కొనమనే సలహా ఎక్కడ కనబడినా, అలా హాని లేకుండా పండించడానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న సందేహమే నాకు ముందు కలుగుతుంది.

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడి రైతుల్లో అత్యధికులు కొద్ది ఎకరాల చిన్న కమతాలవారు. చెట్లు ముదిరి దిగుబడి తగ్గినప్పుడు, కొత్త మొక్కలు నాటి ఎరువు వేసే స్తోమత లేని రైతుకు అడవి నరికి సారవంతమైన నేలలో మళ్లీ మొదలుపెట్టడమే చౌకగా తోస్తుంది. 1960 తరువాత ఐవరీ కోస్ట్ తన అడవుల్లో అధిక భాగాన్ని పోగొట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. దీన్ని రైతు దురాశ అనడానికి నాకు మనసొప్పదు. చేతికొచ్చే ధర అతనికి మరో దారి మిగల్చలేదు.

అందుకే ఆ రెండు ప్రభుత్వాలు 2019లో, ధరపై టన్నుకు 400 డాలర్లు అదనంగా చెల్లించాలని కొనుగోలుదారులకు షరతు పెట్టాయి. రైతుకు న్యాయమైన షరతులపై కొన్నదని ధ్రువీకరించే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న కోకోకైతే కనీస ధరతో పాటు సహకార సంఘానికి విడిగా ప్రీమియం అనే అదనపు సొమ్ము అందుతుంది. 1993లో ఏర్పడిన ఘనా రైతుల సంఘం కువాపా కోకో ఇంకా ముందుకు వెళ్లి, బ్రిటన్‌లోని డివైన్ చాక్లెట్ కంపెనీలో వాటాదారు అయింది. గింజలు పండించినవారికి చాక్లెట్ లాభంలోనూ భాగం దక్కే ఈ ఏర్పాటే నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపిస్తుంది.

2024లో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను ధర 10,000 డాలర్లు దాటినా, ఘనాలో కోకోబోడ్ అనే ప్రభుత్వ సంస్థ పంటలో చాలా భాగాన్ని ముందుగానే అమ్మి, రైతు ధరను కూడా ముందే నిర్ణయించినందువల్ల, ఆ పెరుగుదల అక్కడి రైతులకు చాలావరకు చేరలేదు. మా ప్రాంతంలో ఆ ఏడాది మంచి ధర పలికింది. మరుసటి ఏడాది అది పడిపోయి రైతులు ఆందోళనకు దిగవలసి వచ్చింది.

2020 తరువాత అడవి నరికిన నేలలో పండిన కోకోను తమ మార్కెట్‌లో అమ్మనివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపాలన్న ఆ చట్టానికి తగిన సర్వే, పత్రాల ఖర్చును కొనుగోలు కంపెనీలు భరించకపోతే, అడవి జోలికే వెళ్లని చిన్న రైతు గింజలు కూడా కొనేవారు లేక మిగిలిపోతాయి.