అమ్మతో బొటిక్ హోటల్లో మూడు రాత్రులు

అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయి ఏడాది దాటింది. నాతో కలిసి ఒక పెద్ద నగరం చూడాలని తనకి ఎప్పటినుంచో ఉంది. ఈసారి మామూలు హోటల్ వద్దు, మంచి బొటిక్ హోటల్లో, అంటే తనదైన అలంకరణతో ఉండే చిన్న హోటల్లో ఉందామని పట్టుబట్టింది నేనే. చివరికి బాగానే గడిచింది కానీ మొదటి రోజు పడ్డ టెన్షన్ మాత్రం నేను ముందే అడగాల్సిన రెండు మూడు ప్రశ్నలు అడగకపోవడం వల్లే, అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను చేసిన పెద్ద తప్పు, హోటల్ చూశాను గానీ గది చూడలేదు. ఒకే పేరుతో చాలా ఊళ్లలో ఉండే చైన్ హోటళ్లలో ఏ అంతస్తులో ఇచ్చినా గది దాదాపు ఒకేలా ఉంటుంది. బొటిక్ హోటల్ అలా కాదు. న్యూయార్క్‌లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ అనే ఇద్దరు వ్యాపారులు 1984లో మోర్గన్స్ హోటల్ తెరిచాక ఈ రకం హోటళ్లకి బాగా పేరొచ్చింది, వాళ్లు కూడా అప్పటికే ఉన్న భవనాన్ని తీసుకుని లోపలంతా మార్చారు. ఇప్పటికీ ఇలాంటివి చాలావరకు పాత భవనాల్లోనే ఉంటాయి, గోడలు ఎక్కడుంటే గది ఆకారం అక్కడికే, అందుకని ఒకే ధర పెట్టిన రెండు గదుల్లో ఒకదానికి పెద్ద కిటికీ, ఇంకోదానికి మూల స్తంభం, ఒకదానికి షవర్, ఇంకోదానికి బాత్ టబ్ వస్తాయి. సుపీరియర్, డీలక్స్ అని గదులకి పెట్టే పేర్లకి అన్ని హోటళ్లకీ కలిపి ఒక కొలత అంటూ లేదు. కొన్నిచోట్ల సుపీరియర్ అంటే కింద నుంచి రెండోది. ఫొటోలు వెడల్పుగా చూపించే లెన్స్‌తో తీస్తారు కాబట్టి నమ్మాల్సింది చదరపు మీటర్ల అంకె ఒక్కటే. మాది 18, అంటే సుమారు 194 చదరపు అడుగులు.

బుక్ చేసింది హోటల్ సొంత సైట్‌లో కాదు, వేరే సైట్‌లో, అదీ కాస్త తగ్గుతుందని డబ్బు తిరిగిరాని రేటుకి. ప్రత్యేక కోరికలు రాసే చోట "లిఫ్ట్ దగ్గర, టబ్ లేని బాత్రూమ్" అని రాసి నిశ్చింతగా ఉన్నాను. అది కోరిక మాత్రమే, దానికి హోటల్ కట్టుబడి ఉండనక్కర్లేదని నాకప్పుడు తట్టలేదు.

వెళ్లాక చూస్తే మా గది నాలుగో అంతస్తు. లిఫ్ట్ దిగాక ఇంకా అయిదు మెట్లు. గది చాలా అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. బాత్రూమ్‌లో మాత్రం నా మోకాలి ఎత్తు టబ్. అమ్మ దాని అంచు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, "ఇందులో దిగలేనురా నేను. పర్లేదులే, మూడు రోజులేగా, ఒళ్లు తుడుచుకుంటా" అంది. ఆ "పర్లేదులే" విన్నాక నేను ఆగలేకపోయాను.

సామాను విప్పకుండానే కిందికి వెళ్లాను. విప్పేస్తే గది వాడినట్టవుతుంది, మార్చడం కష్టం. రిసెప్షన్‌లో గొంతు పెంచలేదు. ఆపరేషన్ సంగతి చెప్పి, మెట్లు లేని, నేలతో సమంగా షవర్ ఉన్న గది ఏదైనా ఉందా, ఈ రోజు లేకపోతే రేపు ఏది ఖాళీ అవుతుంది అని అడిగాను. "గది మార్చండి" అంటే వెతకడానికి వాళ్లకి ఆధారం ఉండదు, ఏం కావాలో ఇలా చెప్తే ఉంటుంది. రిసెప్షన్‌లో ఉన్నావిడ గదుల పట్టిక చూసి, మొదటి అంతస్తులో వెనకవైపు ఒకటి ఖాళీ అయింది, శుభ్రం చేయడానికి గంట పడుతుంది, కాకపోతే చిన్నది, వీధి కనపడదు అంది. ధరలో తేడా తిరిగి ఇవ్వలేమని కూడా అప్పుడే చెప్పేసింది. సరేనన్నాను. వీధివైపు లేకపోవడం మాకు మేలే అయింది, రాత్రంతా ఒక్క హారన్ వినపడలేదు.

ఇంకో దెబ్బ డిపాజిట్. చెక్-ఇన్‌లో కార్డు అడిగితే డెబిట్ కార్డు ఇచ్చాను. వాళ్లు డబ్బు తీసుకోరు, అదనపు ఖర్చుల కోసమని కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డయితే లిమిట్ తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డయితే ఖాతాలో మన సొంత డబ్బే ఆగిపోతుంది. మర్నాడు బయట కార్డు పనిచేయక ఇబ్బంది పడ్డాను. చెక్-అవుట్ రోజే వాళ్లు వదిలేశామన్నారు, ఖాతాలో కనపడటానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎంత బ్లాక్ చేస్తారో ముందే అడగండి, ఆఖరి బిల్లు కాగితం దాచుకోండి, బ్యాంకుతో మాట్లాడినప్పుడు నాకు పనికొచ్చింది అదే.

అమ్మ కంటి చుక్కలు చల్లగా ఉంచాలి. మినీబార్‌లో, అంటే డబ్బుకి అమ్మే డ్రింకులు పెట్టి గదిలో ఉంచే చిన్న ఫ్రిజ్‌లో, పెట్టబోతుంటే గది సర్దే అబ్బాయి ఆపాడు. లోపలి సీసా కదిపితే చాలు, సెన్సర్ దాన్ని బిల్లులో వేసేస్తుందట. మందుల కోసమని చెప్తే వేరే చిన్న ఫ్రిజ్ తెచ్చిపెట్టారు, డబ్బు తీసుకోలేదు.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది అక్కడి కాన్సియర్జ్, అంటే అతిథులకి కావాల్సిన సాయం చేసిపెట్టే హోటల్ ఉద్యోగి. కోటు కాలర్ మీద రెండు బంగారు తాళంచెవులు అడ్డంగా పెట్టుకున్నాడు. అది లే క్లే డోర్ అనే కాన్సియర్జ్‌ల సంఘం గుర్తు, 1929లో పారిస్‌లో మొదలైందట. మేం మ్యూజియానికి వెళ్తున్నామంటే, మేం అడక్కుండానే అక్కడికి ఫోన్ చేసి మెట్లు లేని గేటు ఏ వైపు ఉందో కనుక్కుని, కాగితం మీద గీసి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ ఆ కాగితం ఇంటికి తెచ్చుకుంది.

బయల్దేరేటప్పుడు తాళం కార్డు తిరిగి ఇస్తుంటే, "ఒరేయ్, మళ్లీ వస్తే ఇదే గది అడుగు, నంబరు రాసుకో" అంది అమ్మ. రాసుకున్నాను. 107.